అరవై మైళ్ల ముల్లు

పోయిన నెల బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో, ఎండాకాలంలో కూడా చేతులకు తోలు తొడుగులు. ఆయనకు పాత కార్ల పిచ్చి. తాతల కాలం నాటి కారొకటి కొని, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు దానికి రోజూ పాలిషు పెట్టుకుంటాడట. అందులో స్పీడు మీటరు తప్పు చూపిస్తోందట. "మీరు యాభైలలో ఇలాంటి కారు నడిపారట కదా, అప్పట్లో మీటరు ఎలా సరిచేసేవాళ్లు?" అని అడిగాడు.

మీటరు సరిచేయడానికేం, చేతికి కాస్త గ్రీజు అంటుతుంది, అంతే. వెనకసీట్లో కూర్చున్నవాణ్ణి సరిచేయడం ఎవడి తరం? ఆ మాట అంటే ఆయనకు ఎక్కదు. తన కారులో ముందుసీట్లోనూ వెనకసీట్లోనూ ఆయనొక్కడే. మీటరు సంగతి రెండు ముక్కలు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేసి, తీరిగ్గా ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను ఆదోనిలో ఒక పత్తి షావుకారి దగ్గర డ్రైవరును. ఊరు మొత్తానికి మూడే కార్లు. ఆ మూడింటిలో మాది రాజా. ఎవరో నవాబు తన అల్లుడి కోసం దొరల సీమ నుంచి ఓడలో తెప్పించిన బండి. అది వీధిలోకి వస్తే గుర్రాలు పక్కకు తప్పుకునేవి.

ఇలా చెబితే వినేవాళ్లు నోరు తెరుస్తారు, అందుకని చెబుతుంటాను. నిజానికి ఊళ్లో కార్లు డజను దాకా ఉండేవి. మాది బళ్ళారిలో ఒక ప్లీడరు వాడి వాడి విసుగొచ్చి అమ్మేసుకున్నది. ఎడమ వెనక తలుపుకు తాడు కట్టాలి. గుర్రాలు తప్పుకున్న మాట మాత్రం నిజం, కాకపోతే దాని హారను గాడిద ఓండ్రపెట్టినట్టు ఉండేది గనక తప్పుకునేవి.

మా షావుకారిది పెద్ద శరీరం, పెద్ద తలపాగా. ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోయిన చిన్న బుర్ర. పత్తి పిడికెడు తీసి రెండు వేళ్లతో లాగి పింజ పొడవు చెప్పేవాడు. ఆ ఒక్క విద్యలో ఆయనకు వంక పెట్టను. తక్కిన విషయాలన్నిట్లోనూ తన బావమరిది చెప్పిందే వేదం. ఆ బావమరిది అక్క పెళ్లికి భోజనానికని వచ్చి, విస్తరి ఎత్తేశాక కూడా లేవని మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే. పనేమిటంటే, పనిచేసేవాళ్లను చూస్తూ నిలబడడం.

కారు టైర్లు అరిగి దారాలు బయటపడ్డాయి. ఆ కొలత టైర్లు అప్పటికే దొరకడం మానేశాయి. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన సామాను బళ్ళారిలో ఇంకా గుట్టలుగా పడి ఉండేది. బావమరిది రైలెక్కి పోయి, అక్కడి నుంచి నాలుగు చక్రాలు టైర్లతో సహా పట్టుకొచ్చాడు. పాతవాటికంటే అవి బాగా చిన్నవి. వాటిని బిగించాక మా కారు, పట్టుపంచె కట్టుకుని మోకాళ్ల మీద నడుస్తున్న పెళ్లికొడుకులా కనిపించింది.

"ఇవి పొట్టివి గదన్నా" అన్నాను.

"పొట్టోడు గట్టోడురా. మిలిటరీ సరుకు. వీటికి ముందుకు పోయేదే గానీ ఎనక్కి వచ్చేది తెల్దు" అన్నాడు.

సాయంత్రం కారు టాపు మడిచి, షావుకారును ఎక్కించుకుని ఎమ్మిగనూరు రోడ్డు మీదికి పోయాం. ఆ కారు తన జన్మలో యాభై రెండు మైళ్ల వేగం దాటి ఎరగదు. ఎంత తొక్కినా ముల్లు అక్కడికి పోయి, మొక్కు చెల్లించుకున్నట్టు ఆగేది. ఆరోజు ముల్లు యాభై రెండు దాటింది. యాభై ఐదు దాటింది. అరవై మీదికి పోయి వణుకుతూ నిలబడింది.

"అరవైరా!" అని షావుకారు వెనకసీట్లో నుంచి ముందుకు వంగి నా భుజం పట్టుకున్నాడు. అదే సమయానికి ఆయన తలపాగా లేచి వేరుశనగ చేలో పడింది. అది తెచ్చేందుకు నేనే పోయాను.

ఆ రోజు నుంచీ ఆదోనిలో ఆ అరవై తప్ప వేరే మాట లేదు. పత్తి అంగట్లో, గుడి మెట్ల దగ్గర, మంగలి ముందు గడ్డం ఎత్తి కూర్చున్నప్పుడు కూడా షావుకారు అదే చెప్పేవాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఎవరెవరో ఆఫీసర్లు ఈ దారిన వచ్చిపోతుండేవారు. వాళ్లను ఆపి మరీ చెప్పేవాడు. పత్తి తెచ్చిన రైతులు, ఆయనకే సరుకు అమ్ముకోవాలి గదా, "అబ్బో, అరవై!" అనేవారు. పక్కన బావమరిది మీసం సర్దుకునేవాడు. ఆ అరవైకి తండ్రి తానేనన్నట్టు ఉండేది ఆ మొహం.

షావుకారి కూతురిని ఎమ్మిగనూరులో ఇచ్చారు. వారానికోసారి ఆ పిల్లకు పలహారాల డబ్బా పోవాలి. వెనకసీటు మీద జంతికల డబ్బాను దొరసానిలా కూర్చోబెట్టుకుని నేనొక్కణ్ణే పోయివచ్చేవాణ్ణి. మీటరులో ముల్లు కింద చిన్న కిటికీ ఉంటుంది. కారు తిరిగిన మైళ్ల అంకెలు అందులో మారుతుంటాయి. కారు బయలుదేరేటప్పుడూ తిరిగొచ్చాకా బావమరిది తల లోపలికి దూర్చి ఆ అంకె చూసి, షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసేవాడు. ఆ ఇంట్లో ఆయన చేసే వ్రాతపని అదొక్కటే.

కొత్త చక్రాలు వేశాక మొదటిసారి ఎమ్మిగనూరు పోయి వచ్చాను. బావమరిది తలుపు మీద ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసేశాడు. మళ్లీ తీసేశాడు. వేళ్ల మీద కూడా చూసుకున్నాడు.

"ఎమ్మిగనూరు ఎన్ని మైళ్లురా?"

"పద్దెనిమిది గదన్నా. రాళ్ల మీద రాసిందే గదా."

"పోనూ రానూ?"

"ముప్పై ఆరు."

"మరి ఈడ నలభై ఒకటి సూపిస్తాండాది. ఈ ఐదు మైళ్లు యాడికి పోయినావు?"

"యాడికీ పోలేదన్నా."

"నువ్వు పోకపోతే కారొక్కటే పోయిందా, గడ్డి మేసేకి?"

ఆ వారం దులిపేసుకున్నాను. మరుసటి వారం కూడా నలభై ఒకటే వచ్చింది. ఆ పై వారమూ అంతే. షావుకారు పిలిపించాడు. ఆయన తక్కెడ పక్కన పరుపు మీద కూర్చున్నాడు, బావమరిది ఆయన చెవి పక్కన.

"పెద్దకడుబూరు దావలో నీకు ఎవురో ఉండారంట గదరా?" అన్నాడు షావుకారు.

"ఎవురప్పా సెప్పింది?"

"ఎవురైతే ఏమి. ఐదు మైళ్లు సెప్తాండాయి. రోడ్డు దిగి లోపలికి పోయేది, వచ్చేది. లెక్క సరిపాయె."

"అప్పా, నా పెండ్లామే ఎమ్మిగనూరు పిల్ల. దాని పుట్టింటి ముందరే పోతాను, ఆగి నీళ్లు గూడా తాగను. పెద్దకడుబూరులో నాకేం పని? మీరే ఒక్కసారి ఎక్కి కూసోండి. మీ కండ్ల ముందర పోయి వస్తా, ఎన్ని మైళ్లు వస్తాదో సూడండి."

"దొంగ పక్కన కూసోని దొంగతనం సెయ్యరా అంటే సేస్తాడా?" అన్నాడు బావమరిది.

షావుకారు ఈ మాటకు ఎంత మురిసిపోయాడంటే, ఎదురుగా కూర్చున్న రైతుకు కూడా మళ్లీ చెప్పించాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది జీతం పోయే గొడవ ఒక్కటే కాదు. ఆదోనిలో కార్లున్న ఇళ్లు కొన్నే, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒక షావుకారు 'వీడు బండి దొంగతనంగా తిప్పుతాడు' అని పంపించేస్తే, ఇంకో షావుకారు గడప తొక్కనీయడు. నేను డ్రైవరు కాకముందు జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి బేళ్లు మోశాను. ముక్కులో, చెవుల్లో, అన్నంలో, అంతటా దూది. తిరిగి అక్కడికే పోవాలి. ఖాకీ చొక్కా వేసుకుని వీధిలో పోతుంటే నాకు దండం పెట్టేవాళ్ల ముందర, మళ్లీ గోనెపట్టా వీపున వేసుకుని నడవాలి.

అదృష్టమో దరిద్రమో, ఆ నెలలోనే కూతురింట్లో వ్రతం వచ్చింది. షావుకారు, బావమరిది ఇద్దరూ కారెక్కారు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఎక్కడా ఆపకుండా, ఎక్కడా తిప్పకుండా తీసుకుపోయి తీసుకొచ్చాను. షెడ్డు ముందర ఆపి, "ఇప్పుడు సూడండప్పా" అన్నాను. షావుకారే స్వయంగా కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. నలభై ఒకటి.

ఆయన మొహంలో ఏదో కదిలింది. ఆలోచన అనే వస్తువు ఆ మొహంలోకి రావడం నేను చూసింది అదొక్కసారే.

"ఏమిరా బామ్మర్దీ, వీడు యాడికీ తిరగలేదు గదా. మనం సూస్తానే ఉంటిమి గదా."

బావమరిది ఒక్క క్షణం తడబడ్డాడు. నేను ఆ క్షణాన్ని పండగలా అనుభవించాను. తరువాత అన్నాడు.

"తిరగలేదా? ఎట్ల తోలినాడో సూడలేదా బావా? గుంతొస్తే ఈ పక్కకి. ఎద్దులబండొస్తే ఆ పక్కకి. గొర్రెలొస్తే రోడ్డే దిగె. ఎద్దు నడస్తా ఉచ్చ పోసినట్ట, వంకర్లు వంకర్లు తోలితే మైళ్లు పెరగవా? సక్కగా తోలితే పద్దెనిమిది. వీడు తోలితే ఇరవైన్నర. మనం కూసోని ఉంటేనే ఇంత పారబోసినాడంటే, మనం లేనప్పుడు ఇంకెంత పారబోస్తాడో!"

ఎద్దులు పూన్చిన బండి తప్ప వేరే బండి తోలని మనిషికి మాత్రమే తట్టే సిద్ధాంతం ఇది. అది కూడా తప్పే. ఎద్దులబండి వంకరగా పోయినా ఊరు ఊరి దగ్గరే ఉంటుంది. కానీ షావుకారు తలూపాడు. ఆలోచన వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"ఇదో, సూడు" అన్నాడు నాతో. "వచ్చే వారం గూడా నలభై ఒకటి వచ్చిందంటే, బండి బీగంచెవి ఆ మేకుకు తగిలించి నీ దావ నువ్వు సూసుకో."

నిజాయితీగా తోలితే నలభై ఒకటి. ముప్పై ఆరు రావాలంటే మీటరు కేబులు ఊడదీసి కొంత దూరం నడిపి మళ్లీ తగిలించాలి. ఈ ఉపాయం నాకు ఆ క్షణంలోనే తట్టిందనీ, ధర్మం కాదని వదిలేశాననీ మా వీధిలో చెప్పుకున్నాను. తట్టిన మాట నిజం. ఇరవై ఏళ్ల తర్వాత, స్నానం చేస్తుంటే తట్టింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ నా భార్య అడిగింది. అప్పటికే కొళాయి దగ్గర ఆడవాళ్లు పెద్దకడుబూరు సంగతి ఆమె చెవిన వేశారు.

"నీకు పెద్దకడుబూరులో ఒక ఆడది ఉండాదంట గదయ్యా."

"నువ్వు గూడా నమ్ముతాండావా?"

"నేనా? నీ మొగానికి నన్ను కట్టబెట్టేకే మా నాయనకు ఏడాది పట్టె. రెండోది యాడ దొరుకుతాది?"

ఇంత గొప్పగా నన్ను వెనకేసుకొచ్చిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. కోపంగా జరిగిందంతా చెప్పాను. అరవై సంగతి, ఐదు మైళ్ల సంగతి, ఎద్దు ఉచ్చ సంగతి. ఆమె చారు పోస్తూ వింది.

"చక్రాలు చిన్నవి ఏసినారు అంటివి గదా."

"ఏసినారు. అయితే?"

"అయితే ఏమి అయితే? మా నాయన మగ్గానికి నేను కండెలు చుట్టిందాన్ని. పెద్ద కండె మీద దారం ఇన్ని చుట్లకు అయిపోతాదంటే, చిన్న కండె మీద అదే దారం ఇంకా ఎక్కువ చుట్లు వస్తాది. చుట్లు లెక్కపెట్టి దారం పెరిగెనని గంతులేసేటోడు గాడిద. నువ్వు, మీ సావుకారి, వాని బామ్మర్ది, మూడు గాడిదలు."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మీటరుకు ఊరూ తెలియదు, రాయీ తెలియదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అది ఒక్కటే దానికి తెలుసు. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. మీటరు పెద్ద చక్రమే తిరుగుతోందనుకుని, ఎక్కువ మైళ్లు రాస్తుంది, ఎక్కువ వేగం చూపిస్తుంది. షావుకారి గొప్పా నా దొంగతనమూ ఒకే కేబులు గుండా వచ్చాయి. ఆయన అరవై నిజమైతే నేను దొంగను. నేను దొంగను కాకపోతే ఆయన ఏనాడూ అరవై పోలేదు.

ఈ చక్రాల సూత్రం నా సొంత బుర్రలో పుట్టిందని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఆ బెంగళూరు ఆయనకు కూడా అలాగే చెప్పాను. నా భార్య లోపల బియ్యం ఏరుతూ వింటూ, ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

కారు గేరుబాక్సు తోక దగ్గర ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది. మీటరు కేబులును తిప్పేది అదే. దానికి పళ్లు ఎక్కువుంటే కేబులు నెమ్మదిగా తిరుగుతుంది. షావుకారి పని మీద బళ్ళారి పోయినప్పుడు, పాత మోటారు సామాన్ల అంగట్లో మా కారు జాతిదే ఒకటి చచ్చిపడి ఉంటే, దాని కింద దూరాను. దాని పళ్లచక్రానికి మాదానికంటే రెండు పళ్లు ఎక్కువ. సరిగ్గా నాకు కావలసిందే. తెచ్చి, కారు కింద పడుకుని, ఒక బీడీ కాల్చినంత సేపట్లో మార్చేశాను. ఎంత ఒడుపుగా అంటే చొక్కాకు మరక కూడా అంటలేదు.

మరక అంటలేదు, ఎందుకంటే చొక్కా విప్పేశాను. మధ్యాహ్నం దూరినవాణ్ణి చీకటి పడ్డాక బయటికి వచ్చాను. నూనె కళ్లలో పడింది. ఒక బోల్టు ఎక్కడో పోయింది, అది ఇప్పటికీ దొరకలేదు. కారు కూడా దాని గురించి అడగలేదు.

ఆ వారం పలహారాల డబ్బాతో ఎమ్మిగనూరు పోయి వచ్చాను. ముప్పై ఆరు. ఒక్క పిసరు అటూ ఇటూ లేదు. షెడ్డు దగ్గర బావమరిది కోసం ఎదురుచూస్తూ పెళ్లికొడుకులా నిలబడ్డాను. ఆయన చూశాడు. సుద్దముక్క కింద పడేసి, ఇంట్లోకి కేకలు పెడుతూ పరిగెత్తాడు.

"బావా! దొరికినాడు బావా! దొంగ దొరికినాడు! ముప్పై ఆరు వచ్చె!"

షావుకారు తింటున్న చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు.

"నువ్వు గట్టిగా సెప్పినావు గదా బావా, భయపడి ఈ వారం పెద్దకడుబూరు పోలేదు. అంటే ఇన్ని దినాలు పోయినట్టే గదా! యాడికీ పోనోడైతే నలభై ఒకటే వచ్చి ఉండల్ల గదా!"

మూర్ఖత్వంలో కూడా ఒక అందముంటుంది. దాని ముందు చేతులు జోడించాల్సిందే. వ్రతం రోజు తాను కూర్చుని ఉండగా వచ్చిన నలభై ఒకటిని ఆయన ఎక్కడో పారేసుకున్నాడు. షావుకారూ పారేసుకున్నాడు. ఇద్దరూ కలిసి వెతకలేదు.

"అప్పా" అన్నాను. "ఆ చక్రాలు చిన్నవి. మీటరు ఎక్కువ సూపిస్తా ఉండె. నేను సరి చేసినా. అందుకే ముప్పై ఆరు వచ్చె."

"సరి చేసినావా? ఏదీ, తోలు సూద్దాం."

తోలాను. ఊరు దాటాక ఎంత తొక్కినా ముల్లు యాభై రెండు దాటలేదు. షావుకారు వెనక నుంచి ఆ ముల్లునే చూస్తున్నాడు. ఎవరో దగ్గరివాళ్లకు జబ్బు చేస్తే చూస్తారే, అలా.

"ఇంకా తొక్కరా."

"ఇంతేనప్పా. ముందు గూడా ఇంతే. మన కారు ఎప్పుడూ అరవై పోలేదు."

దొంగతనం చేశానని ఒప్పుకుని ఉంటే ఆ మనిషి నన్ను క్షమించి ఉండేవాడు. ఈ మాటకు మాత్రం క్షమించలేదు.

"పోలేదా? నా కారు, నేను కూసోని ఉండా, నా తలపాగా ఎగిరి శనక్కాయ సేన్లో పడె. అరవైలో గదరా ఎగిరింది! యాభై రెండుకి ఎగురుతాదా తలపాగా?"

"దొంగతిరుగుళ్లు తిరిగి ఇంజను పాడు చేసినాడు బావా. చేసింది గాక మీటరులో యేలు పెట్టినాడు" అన్నాడు బావమరిది.

మరునాడు శుక్రవారం. శుక్రవారం ఇంట్లో నుంచి డబ్బు బయటికి పోతే లక్ష్మి కూడా వెంటపోతుందని ఆ ఇంట్లో ఆచారం. కాబట్టి నా జీతం లెక్క ముట్టజెప్పి పంపించడం శనివారం అని తీర్పు అయింది. ఆయన లక్ష్మి పుణ్యాన నాకు ఒక రోజు మిగిలింది.

ఆ రోజు ఇంట్లో కూర్చుని ఆలోచించాను. ఈయనకు నిజం చూపించాను. నిజం నన్ను దొంగను చేసింది. సరే, ఆయనకు కావలసింది ఇద్దాం, నాకు కావలసింది నేను ఉంచుకుందాం. కింద తిరిగే అంకెలు పళ్లచక్రాల మీద నడుస్తాయి. వాటిని కదిలించను. పైన ముల్లును వెనక్కి పట్టి ఉంచేది మాత్రం గడియారంలో లాంటి వెంట్రుకంత స్ప్రింగు. బీగంచెవి ఇంకా నా దగ్గరే ఉంది గనక షెడ్డులోకి పోయి మీటరు ఊడదీసి, టవల్లో చుట్టి, బజారులో గడియారాలు బాగుచేసే ముసలి సాయిబు దగ్గరికి పోయాను.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని పనిలో ఉన్నాడు. తల ఎత్తకుండానే, "ఏందిది, లారీ కలేజానా? కసాయి అంగడి ఆ సందులో ఉంది పో" అన్నాడు.

"మీటరు భాయ్."

"ఏం తప్పు చూపిస్తాంది?"

"తప్పేం లేదు. సరిగ్గానే సూపిస్తాంది."

"మరి నా దగ్గరికి ఎందుకు తెచ్చినావ్?"

"చెడగొట్టేకి. యాభై రెండు ఉన్నప్పుడు అరవై సూపించల్ల."

అప్పుడు తల ఎత్తాడు. భూతద్దంలోంచి ఆ కన్ను కోడిగుడ్డంత కనబడింది. షావుకారి కారని చెప్పగానే పడీపడీ నవ్వాడు.

"అరే బాబా, ఇంత ముఖం ముడుచుకుని చెప్తావేంది? ఈ ఊళ్లో ఏ సేటు ఇంట్లో గడియారం సరైన టైము చూపిస్తుంది? అందరూ వచ్చి పది నిమిషాలు ముందుకు పెట్టు, మంచిది అంటారు. పెట్టించినోడే పది నిమిషాలు తీసేసి చదువుకుంటాడు. నీ సేటు మంచోడు, తీసేసుకోడు. కూర్చో."

స్ప్రింగును ఎక్కడో ఒక వెంట్రుకవాసి వదులు చేశాడు. నేను కేబులు మూతి దగ్గర వేలితో తిప్పితే ముల్లు ఇదివరకటికంటే హుషారుగా లేచింది.

శనివారం పొద్దున జీతం పళ్లెంలో పెట్టి ఉంది. "అప్పా, ఇంజను సూసినా. ఏదో అడ్డం పడి ఉండె, తీసేసినా. పోయేముందర ఒక్కసారి మిమ్మల్ని తిప్పి పోతా" అన్నాను. ఆయన బావమరిది వైపు చూశాడు. బావమరిది ఆకాశం వైపు చూశాడు. ఇద్దరూ ఎక్కారు.

ఎమ్మిగనూరు రోడ్డు మీద నల్లరేగడి చేలు దాటాక తొక్కాను. యాభై. యాభై ఐదు. వెనక నుంచి ఊపిరి ఆగిన చప్పుడు. ముల్లు అరవై మీదికి పోయి నిలబడింది.

"వచ్చెరా!" అన్నాడు షావుకారు రెండు చేతులతో తల పట్టుకుని. "నా అరవై వచ్చెరా!"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి హారను. ఎమ్మిగనూరు బస్సు. లోపల జనం, పైన జనం, టాపు మీద నూలు మూటలు, మూటల మీద రెండు మేకలు. అది మా పక్కకు వచ్చింది, మాతో పాటు కొంచెంసేపు నడిచింది, మమ్మల్ని దాటింది. టాపు మీద కూర్చున్న ఒకడు కిందికి వంగి, "ఏమప్పా, పెట్రోలు అయిపాయనా? తోసేకి దిగల్లనా?" అని అరిచాడు. మేకలు కూడా మమ్మల్నే చూస్తూ పోయాయి. దుమ్ము మా మీద పడింది.

ముల్లు అరవై మీదే ఉంది. నా ఉద్యోగం కూడా దాని మీదే ఉంది.

"ఆ బస్సు ఎంతలో పోతాండాదిరా?" అన్నాడు షావుకారు నెమ్మదిగా.

"డెబ్బై దాటి ఉంటాదప్పా."

అద్దంలో చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. డెబ్బై లోంచి అరవై తీసేస్తున్నట్టున్నాడు.

"డెబ్బై!" అన్నాడు చివరికి. "ప్రాణాల మీద తీపి లేని నాకొడుకులు. మేకలను గూడా సంపుతారు. మనకు అరవై సాలురా."

"సాలప్పా."

"వాండ్లతో పోటీకి పోవద్దు. నువ్వు బుద్ధిమంతునివి." కొంచెం ఆగి, "సోమవారం బళ్ళారి పోవల్ల. తెల్లారేసరికి బండి కడిగి పెట్టు" అన్నాడు.

ఇంటికి వచ్చాక పళ్లెంలో జీతం లేదు. ఎవరో లోపలికి తీసేశారు. బావమరిది మైళ్లు చూసి, సుద్దతో రాసి, ఇంట్లో అందరికీ వినబడేటట్టు అన్నాడు: "దొంగైనా, భయం చెప్పేవాడుంటే దావలోకి వస్తాడు."

ఆ తర్వాత ఒకనాడు షావుకారును కూర్చోబెట్టి నిజమంతా చెప్పాననీ, ఆయన సిగ్గుపడి నా చేతులు పట్టుకున్నాడనీ కొన్నాళ్లు చెప్పుకున్నాను. చెప్పలేదు. ఆయన ఆ కారు అమ్మేదాకా నేను దానిని తోలుతూనే ఉన్నాను. ఎవరైనా చుట్టాలు వస్తే ఆయన నన్ను పిలిచి, "వీడు మొదట్లో దొంగ. మనమే బాగు చేసినాం" అని చూపించేవాడు. నేను చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. చుట్టాలు నావైపు జాలిగా చూసి, షావుకారి మంచితనానికి తలలూపి, కారెక్కి కూర్చునేవారు. నేను వాళ్లను ఊరి బయటికి తీసుకుపోయి, అరవై చూపించి తీసుకొచ్చేవాణ్ణి.